వరి కంకి మీద ‘నల్లి’: ఇది బగ్గా, మైటా? హెమిప్టెరా వర్గాలు, అవి ఉండే చోట్లు

తంపర_గట్టు | ఆమదాలవలస

అందరికీ నమస్కారం. వరి ఈనిక అయిపోయి గింజ పాలు పోసుకుంటోంది. ఇప్పుడు మా పక్క ‘నల్లి పడింది’ అంటే ముగ్గురు మూడు పురుగుల్ని చూపిస్తున్నారు. ఒకటి కంకి మీద వాలే పొడుగుకాళ్ళ కంపు పురుగు. రెండోది అసలు కంటికి ఆనదు, పోటాకు (కంకి కింది చివరి ఆకు) తొడుగు మీద గోధుమరంగు మచ్చలే కనిపిస్తాయి. మూడోది దుబ్బు మొదట్లో పరిగెత్తే చిన్న ఆకుపచ్చ పురుగు. మూడు ఫోటోలూ పెట్టాను. ఇవన్నీ ఒకే వర్గమా? మందు ఒకటేనా? పేర్లు చెప్పి వదిలేయకుండా, గుర్తుపట్టే పద్ధతి కూడా చెప్పండి.

కీటకాల_పెట్టె | శ్రీకాకుళం

మూడూ ఒకటి కాదండి. మొదటి రెంటికీ అసలు చుట్టరికమే లేదు.

మొదటి ఫోటోలోది కంకినల్లి. లెప్టొకొరైసా ప్రజాతి, అలిడిడే కుటుంబం. ఇది అసలైన బగ్. ఆరు కాళ్ళు, నాలుగు రెక్కలు, సూదిలాంటి ముక్కు ఉంటాయి. పెద్ద పురుగు 15 నుంచి 20 మి.మీ. పొడవు. చేత్తో పట్టుకుంటే కంపు కొడుతుంది.

రెండో ఫోటోలో మచ్చలు చేసింది కీటకమే కాదు, మైట్. సాలీడు బంధువు, పెద్దదానికి ఎనిమిది కాళ్ళు. పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు. దాని పేరు స్టినియోటార్సోనెమస్ స్పింకి. పోటాకు తొడుగు ఒలిచి లోపలి వైపు 20 రెట్ల భూతద్దంతో చూస్తే పారదర్శకంగా కదులుతాయి. వీటి వల్ల గింజ చిలుక ముక్కులా వంకర తిరిగి తాలుపోతుంది. బగ్ కుట్టిన గింజకు వంకర రాదు. కుట్టిన చోట చిన్న గోధుమ చుక్క పడి, పాలు ఇంకిపోయి గింజ తేలికవుతుంది.

మందు దగ్గరే అసలు నష్టం. చాలా పురుగుమందులు మైట్ మీద పనిచేయవు, మైట్ కోసమే చేసిన మందులు చాలా వరకు బగ్ మీద పనిచేయవు. దుకాణంలో ‘నల్లికి మందు’ అని అడిగితే ఈ రెంటిలో ఏదైనా చేతికి రావచ్చు.

మూడో ఫోటో మసకగా ఉంది. ఒక అనుమానం ఉంది గానీ తలా మీసాలూ కనబడేలా ఇంకొకటి తీసి పెట్టండి.

గోగుచేను | చీపురుపల్లి

నల్లి మాట వచ్చింది కాబట్టి ఇదీ చేర్చండి. మంచంలో కుట్టేది నల్లి. మిరపలో ఆకు ముడిచేది నల్లి. గోగు, మందార కొమ్మల మీద తెల్లగా పట్టేది పిండినల్లి. మొదటిదీ మూడోదీ హెమిప్టెరా (బగ్గుల క్రమం), మధ్యలోది మైట్. ఒకే మాటకింద మూడు దూరపు వర్గాలు.

దోమ సంగతీ అంతే. సుడిదోమ, పచ్చదోమ, తెల్లదోమ, జీడిమామిడి మీద టీ దోమ. వీటిలో ఒక్కటీ దోమ కాదు. అసలు దోమకు రెండే రెక్కలు, అది ఈగల క్రమంలోది. పై నాలుగూ నాలుగు రెక్కలవి, హెమిప్టెరాలోవే. అయినా ఆ నాలుగూ ఒకే ఉపక్రమం కూడా కాదు.

ముక్కుచూడు | విజయనగరం

ఆ ఉపక్రమాలు ఇక్కడే తేల్చేస్తే మిగతా చర్చ తేలికవుతుంది.

హెమిప్టెరా అన్న పేరు లిన్నేయస్ 1758లో వాడినది. అర్థం ‘సగం రెక్క’. ఇప్పటికి పేరు పెట్టిన జాతులు 80 వేలకు తక్కువ కాదు. అన్నిటికీ ఉమ్మడి గుర్తు నోరు. నాలుగు సన్నని సూదులు, వాటిని కప్పి ఉంచే తొడుగు. నమిలే దవడలు ఉండవు. ఆకు కొరికి తిన్నట్టు, చిల్లు పడినట్టు కనిపిస్తే ఆ పని వీటిది కాదు. గుడ్డు, పిల్లపురుగు, పెద్దపురుగు, ఇంతే. సీతాకోకచిలుకకు ఉండే ప్యూపా దశ వీటికి లేదు. తెల్లదోమ చివరి పిల్లదశను ప్యూపా అనడం అలవాటు గానీ అది అసలు ప్యూపా కాదు.

ఇప్పుడు నాలుగు ఉపక్రమాలు.

స్టెర్నోరింకా: పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, పొలుసు పురుగు, లక్క పురుగు. ముక్కు ముందుకాళ్ళ మధ్య నుంచి మొలిచినట్టు ఉంటుంది. చాలావాటిలో ఆడపురుగు కదలకుండా ఒకేచోట అతుక్కుని బతుకుతుంది.

ఆకినోరింకా: సుడిదోమ, పచ్చదోమ, మామిడి తేనెమంచు పురుగు, సికాడా. ముక్కు తల వెనుక భాగం నుంచి వస్తుంది. మీసాలు చిన్న వెంట్రుకల్లా ఉంటాయి. వెనక కాళ్ళతో ఎగురుతాయి.

కోలియోరింకా: మన దేశంలో లేవు. దీని గురించి వేరే చెప్పాలి.

హెటెరోప్టెరా: కంకినల్లి, కంపు పురుగులు, మంచం నల్లి, టీ దోమ, నీటి బగ్గులు. ముక్కు తల ముందు నుంచి మొదలై కిందికి మడిచి ఉంటుంది. పై రెక్క మొదటి సగం తోలులా, చివరి సగం పొరలా ఉంటుంది. ‘సగం రెక్క’ అన్న పేరు నిజానికి వీటికే సరిపోతుంది. పేరు పెట్టిన జాతులు 40 వేలకు పైనే.

మంచం నల్లికి రెక్కలు మొండివి. దాన్ని రెక్కతో గుర్తుపట్టాలనుకుంటే కుదరదు, ముక్కే చూడాలి.

రాగి_సూది | బొబ్బిలి

ఒక అభ్యంతరం. ‘అసలైన బగ్’ అనే మాట హెటెరోప్టెరాకే పరిమితం చేయాలి. పేనుబంకనీ తెల్లదోమనీ అందులో కలిపితే గందరగోళం. పాత పద్ధతిలో హోమోప్టెరా, హెటెరోప్టెరా అని రెండు క్రమాలుగా చక్కగా ఉండేవి కదా.

ముక్కుచూడు | విజయనగరం

ఆ మాటను ఇరుకైన అర్థంలో వాడుకోవచ్చు, నాకు పేచీ లేదు. కానీ హోమోప్టెరాను వెనక్కి తేలేం. పై రెక్క అంతా ఒకే మందంగా ఉంది అన్న గుర్తు మీద కట్టిన గుంపు అది. ఆ గుర్తు తాతల నాటిది, ఒక్క శాఖకు మాత్రమే చెందినది కాదు. 1990ల నుంచి డీఎన్‌ఏ పోల్చి చూస్తే స్టెర్నోరింకా ముందే విడిపోయింది. ఆకినోరింకా హెటెరోప్టెరాకే దగ్గర. అంటే సుడిదోమకు తెల్లదోమ కన్నా కంకినల్లే దగ్గరి చుట్టం. అలాంటప్పుడు సుడిదోమనీ తెల్లదోమనీ ఒక గుంపులో కట్టేసి కంకినల్లిని బయట నిలబెట్టడం తప్పు. పాత పాఠాల్లో హోమోప్టెరా ఇంకా కనిపిస్తూనే ఉంది, చదివేటప్పుడు జాగ్రత్త.

రాగి_సూది | బొబ్బిలి

సరే, ఒప్పుకుంటున్నాను. కోలియోరింకా సంగతి చెప్పండి.

కీటకాల_పెట్టె | శ్రీకాకుళం

అది నేను చెబుతాను. ఒకటే కుటుంబం, పెలోరిడిడే. జాతులు నలభై లోపే. రెండు నుంచి ఐదు మి.మీ. ఉండే చప్పటి పురుగులు, తడి నాచులో బతుకుతాయి. చాలావాటికి ఎగిరే శక్తి లేదు. దొరికే చోట్లు: చిలీ, అర్జెంటీనాల దక్షిణ కొస, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా తూర్పు భాగం, లార్డ్ హౌ దీవి, న్యూ కలడోనియా. ఎగరలేని పురుగు ఇన్ని సముద్రాలు దాటలేదు, భూమే విడిపోయింది. గోండ్వానా అనే పాత దక్షిణ మహాఖండం ముక్కలైనప్పుడు దక్షిణాన తడిగా, చల్లగా మిగిలిన ముక్కల మీద ఇవి నిలిచాయి. మన దక్కను కూడా గోండ్వానా ముక్కే. అయినా ఇండియాలోనూ ఆఫ్రికాలోనూ ఇవి లేవు.

పురుగుల విస్తరణకు మొదటి కారణం ఇలా భూమి కదలడం. రెండోది గాలి. మూడోది మనిషి. చివరి రెండూ మన జిల్లాల పురుగుల్లోనే చూపించవచ్చు.

జీడిచిగురు | పలాస

మూడోదానికి జీడితోటే సాక్ష్యం.

టీ దోమ, హెలోపెల్టిస్ ఆంటోనీ. మిరిడే కుటుంబం, హెటెరోప్టెరా. హెలోపెల్టిస్ జాతులు ఆఫ్రికా నుంచి దక్షిణాసియా మీదుగా న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉన్నాయి. అమెరికా ఖండాల్లో లేవు. జీడిమామిడి బ్రెజిల్ చెట్టు, పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో తెచ్చారు. అంటే ఈ పురుగు మనది, చెట్టు పరాయిది. వేప, జామ మీద బతికే పురుగు కొత్త చెట్టు చిగురు మరిగింది. అందుకే తోట గట్టున వేపచెట్లుంటే జీడి చిగురు వేసే ముందు వాటి లేత కొమ్మలు కూడా చూడాలి.

గుర్తు: వీపు త్రికోణం మీద నిలువుగా ఒక ముల్లు, ముల్లు కొసన చిన్న గుండు. గుండుసూదిని తలకిందులుగా కాకుండా నిలబెట్టి గుచ్చినట్టు ఉంటుంది. మన పంటల మీద హెలోపెల్టిస్ జాతులకు తప్ప ఈ గుర్తు వేరే పురుగుకు కనబడదు. ఒళ్ళు సన్నం, ఆరు నుంచి ఎనిమిది మి.మీ., మీసాలు ఒంటి కన్నా పొడవు. గుడ్డును లేత కాడలోకి దింపేస్తుంది, బయటికి పొట్టీ పొడుగూ రెండు తెల్లటి నూలుపోగులు మాత్రమే కనిపిస్తాయి. పొద్దున్నే ఏటవాలు వెలుతురులో కాడను తిప్పి చూస్తే ఆ పోగులు మెరుస్తాయి.

కుట్టినచోట నీరుకారినట్టు మచ్చ పడి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడి, జిగురు కారుతుంది. చిగురు మాడిపోతుంది. పూతకొమ్మ ఎండిపోతే ‘మంచు కొట్టింది’ అనుకుంటారు. మంచుకు మాడిన కొమ్మ అంతా ఒకేలా ఉంటుంది. టీ దోమ కుట్టిన కొమ్మ మీద విడివిడి నల్ల చారలుంటాయి.

పిచికారీకి మూడు అదనులు: కొత్త చిగురు, పూత మొదలు, పిందె దశ. లామ్డా సైహలోత్రిన్ 5 శాతం మందు లీటరు నీటికి 0.6 మి.లీ. మొదటిసారికి సరిపోతుంది. మూడుసార్లూ అదే కొట్టకండి, మందు మార్చాలి. తేనెటీగలు తిరిగే వేళ వద్దు, సాయంత్రం కొట్టండి. చెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రచీమలున్న చోట టీ దోమ తక్కువ. కోతప్పుడు కుడతాయని వాటిని తగలబెట్టేస్తారు. ఆ పని మానుకుంటే మంచిది.

కొబ్బరిమొవ్వు | కవిటి

మా కొబ్బరిలో ఇది తిరగబడింది. చెట్టు మనది, పురుగు అమెరికాది.

సర్పలాకార తెల్లదోమ, అలూరోడైకస్ రుజియోపెర్క్యులేటస్. మధ్య అమెరికాలోని బెలీజ్ నమూనాలతో 2004లో పేరు పెట్టారు. ఇండియాలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర మొదట కనబడింది. తర్వాత తీరం వెంబడి ఉద్దానం దాకా పాకింది. తెల్లదోమ తనంతట ఎక్కువ దూరం ఎగరలేదు. నర్సరీ మొక్కలతో, కొబ్బరాకులతో, లారీల మీద ప్రయాణిస్తుంది.

ఆకు అడుగున గుడ్లు సుడి గీతలా పెడుతుంది, చుట్టూ మైనం పొడి. కిందికి తేనెలాంటి జిగురు కారి, కింది ఆకుల మీదా, అరటి మీదా నల్ల బూజు పడుతుంది. ఆ నలుపు చూసి తెగులు అనుకుని శిలీంధ్రనాశిని కొడితే డబ్బు దండగ. నలుపు పైన ఉంటుంది, కారణం దాని పై ఆకు అడుగున ఉంటుంది.

ముందు ఆకు అడుగున ప్యూపాలు చూడండి. తెల్లగా, లేత పసుపుగా ఉంటే బతికున్నవి. నల్లబడి గుండ్రని చిల్లు ఉంటే ఎన్‌కార్సియా గ్వాడలూపే అనే చిన్న కందిరీగ తిని బయటికి వచ్చేసినట్టు. నల్లవి కనిపిస్తే పురుగుమందు ముట్టుకోవద్దు, ఆ కందిరీగే చచ్చిపోతుంది. ఒత్తిడితో నీళ్ళు కొట్టి కడగడం, పసుపు జిగురు అట్టలు, ఇసారియా ఫ్యూమోసోరోసియా శిలీంధ్రం లీటరుకు 5 గ్రాములు. నల్ల బూజుకు ఒక శాతం గంజి కొడితే ఎండి పెచ్చులుగా రాలిపోతుంది. గంజి పలచగా కాచాలి, చిక్కబడితే నాజిల్ మూసుకుపోతుంది.

చిక్కుడుపాదు | గజపతినగరం

చిక్కుడు తీగ నిండా గుండ్రటి బఠాణీ అంత పురుగులు, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, చుక్కలు. వీపంతా ఒకే పెంకులా ఉంది. అక్షింతల పురుగు (లేడీబర్డ్) అంటున్నారు. నిజమేనా?

ముక్కుచూడు | విజయనగరం

కాదండి. వెల్లకిలా తిప్పండి. కాళ్ళ మధ్య ముక్కు మడిచి ఉంటే బగ్. అక్షింతల పురుగుకు నమిలే దవడలుంటాయి, వీపు మీద రెండు పెంకులు నడిమిన గీతతో విడిపోతాయి. మీ పురుగుకు గీత లేదు, ఎందుకంటే అది రెక్క కాదు. వీపు త్రికోణమే పెరిగిపోయి ఒంటినంతా కప్పేసింది.

మెగాకోప్టా క్రిబ్రేరియా, ప్లటాస్పిడే కుటుంబం. ఈ కుటుంబం పాత ప్రపంచానిది, అంటే ఆసియా, ఆఫ్రికా, ఐరోపా, ఆస్ట్రేలియా వైపు. అమెరికా ప్రధాన భూభాగంలో మొదట్లో లేదు. 2009లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇదే జాతి దొరికింది. అక్కడ కుడ్జు తీగ మీద పెరిగి సోయా చేలకు పాకింది. మన పెరటి చిక్కుడు మీదున్న పురుగే అక్కడ కొత్త చీడ.

ఇలాగే పెంకుతో ఉండే ఇంకో కుటుంబం స్క్యుటెల్లెరిడే, లోహపు మెరుపుతో ఉంటాయి. తేడా పాదంలో. ప్లటాస్పిడే పాదానికి రెండు కణుపులు, స్క్యుటెల్లెరిడేకి మూడు.

నాగావళి_వల | శ్రీకాకుళం

కుటుంబం తేల్చడానికి వరుస చెబుతాను. పది రెట్ల భూతద్దం, పిన్ను, తెల్ల కాగితం ఉంటే చాలు.

మొదట ముక్కు పక్కనుంచి చూడాలి. పొట్టిగా, వంకీలా వంగి, ఒంటికి ఎడంగా ఉంటే రెడువిడే, అంటే వేటాడే బగ్గులు. ముక్కు మూడు కణుపులు, కొస ముందుకాళ్ళ మధ్య గాడిలో కూర్చుంటుంది. వీటిని వట్టి చేత్తో పట్టుకోకండి, పోటు గంటల తరబడి మండుతుంది. పొడుగ్గా, నిటారుగా, కడుపు కింద అతుక్కుని ఉంటే మొక్క రసం తాగేవి కావడానికే అవకాశం ఎక్కువ.

తర్వాత మీసాల కణుపులు లెక్కపెట్టాలి. ఐదు ఉంటే కంపు పురుగులు, పెంటటోమిడే, లేదా పైన చెప్పిన పెంకు కుటుంబాలు. నాలుగు ఉంటే తర్వాతి గుర్తుకు వెళ్ళాలి. కణుపు లెక్కలో చాలామంది పొరపాటు పడేది మొదటి కణుపు దగ్గర. అది పొట్టిగా తల అంచు కింద దాగుతుంది.

తర్వాత రెక్క పొర భాగంలోని ఈనెలు. రెక్కను పిన్నుతో పక్కకు జరిపి కాగితం మీద పరిస్తే కనిపిస్తాయి. చాలా ఈనెలు సమాంతరంగా ఉంటే కొరీడే లేక అలిడిడే. నాలుగైదే ఉంటే లైగీడే. రెండు పెద్ద గదులుంటే రెడువిడే. ఒకటి రెండు గదులూ, వాటికి ముందు తోలుభాగం కొసన విడిగా ఒక చిన్న త్రికోణం ఉంటే మిరిడే. రెక్కంతా జల్లెడలా ఉంటే టింజిడే, వంకాయ ఆకు అడుగున దొరికేది అదే.

చివరగా నడినెత్తిన ఉండే చిన్న సాదా కళ్ళు. బెండ, గోగు, పత్తి, బూరుగు మీద ఎర్రగా గుంపుగా ఉండే డిస్‌డర్కస్‌కు ఇవి ఉండవు, అది పైరోకొరిడే. రంగు ఒకేలా ఉన్న లైగీడేకి ఉంటాయి. ఎరుపు నలుపు రంగుల్ని నమ్ముకుంటే ఈ రెండూ కలిసిపోతాయి.

ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. పెంటటోమిడేలోనే వేటాడే గుంపు ఉంది, ఆసోపినే. ముక్కు మొదటి కణుపు లావుగా ఉంటుంది. యోకాంథెకోనా గొంగళిపురుగుల్ని గుచ్చి తాగుతుంది. కంపు పురుగు కదా అని నలిపేయకండి.

పెసరపొలం | నరసన్నపేట

వరి కోశాక మినుము, పెసర కాయల మీద చీమలు తిరుగుతుంటాయి. అందులో కొన్ని ‘చీమలు’ చీమలు కావని విన్నాను.

నాగావళి_వల | శ్రీకాకుళం

అవి రిప్టోర్టస్ పిల్లపురుగులు, కంకినల్లి కుటుంబమే. నడుము సన్నం, నడక కూడా చీమదే. ఆగి మీసాలు చూడండి. చీమ మీసం మోచేయిలా ఒకచోట మడుస్తుంది, పిల్లబగ్ మీసం మడవదు. చీమకు దవడలు ముందుకు, దీనికి ముక్కు కడుపు కిందికి. పెద్దదయ్యాక ఈ పోలిక పోతుంది. వెనక తొడలు లావెక్కి, లోపలి అంచున ముళ్ళు వస్తాయి. కాయలో గింజ కుట్టేస్తుంది. పైకి కాయ బాగానే ఉంటుంది, ఒలిస్తే గింజ ముడుచుకుని ఉంటుంది.

గోగుచేను | చీపురుపల్లి

గాలి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. సుడిదోమ, నిలపర్వత లుగెన్స్. పెద్దపురుగుల్లో రెండు రూపాలు: పొట్టిరెక్కలవి అక్కడే ఉండి పిల్లల్ని కంటాయి, పొడుగురెక్కలవి ఎగిరిపోతాయి. పైరు ముదిరి, పురుగు కిక్కిరిస్తే పొడుగురెక్కలవి పెరుగుతాయి. జపాన్, కొరియాల చలికి ఇవి బతకవు. ఏటా దక్షిణ చైనా, ఉత్తర వియత్నాం వైపు నుంచి గాలి వెంట మళ్ళీ చేరుతాయి.

ఇక్కడ పని ఏమిటంటే, నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట వదలండి, గాలీ వెలుతురూ మొదలు దాకా వెళ్ళాలి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక తర్వాత 20 నుంచి 25 కనిపిస్తేనే మందు. పైమెట్రోజిన్ 50 శాతం మందు లీటరుకు 0.6 గ్రాములు, నాజిల్ దుబ్బు మొదలుకు దింపి కొట్టాలి. పైపైన కొడితే దోమకు తగలదు. వరి రకాల్లో స్వర్ణకు దోమ ఎక్కువ పడుతుంది, విజేత కొంత తట్టుకుంటుంది.

పైన జీడికి చెప్పిన లామ్డా సైహలోత్రిన్‌ని వరికి దోమ కోసం వాడకండి. దోమను తినేవి ముందు చస్తాయి, దోమ రెట్టింపై తిరిగొస్తుంది.

బీల_చేప | సోంపేట

ఆ తినేవాటిలో నీటి మీద తిరిగేవీ ఉన్నాయి. మైక్రోవేలియా, ఒకటిన్నర మి.మీ., వరి మడి నీటి మీద నల్ల చుక్కల్లా పరిగెత్తుతాయి. దుబ్బును తడితే దోమ నీట పడుతుంది, ఇవి గుంపుగా చేరి తాగేస్తాయి. మడి ఎండగడితే ఇవి పోతాయి.

మా బీల (చిత్తడి నేల) నీళ్ళలో ఇంకా చాలా ఉన్నాయి. డిప్లోనికస్ మగపురుగు వీపంతా గుడ్లు అతికించి ఉంటాయి, ఆడది పెట్టి వెళ్ళిపోతుంది, మోసేది మగది. లాకోట్రెఫిస్‌కు తోక పొడుగ్గా ఉంటుంది. అది కొండి కాదు, గాలి పీల్చే గొట్టం. లెథోసెరస్ ఇండికస్ అరచేతిలో సగం ఉంటుంది, వానాకాలం రాత్రి దీపాలకు వస్తుంది. ముక్కు పోటు మాత్రం తీవ్రం.

సముద్రం మీద హాలోబేటిస్. నడిసముద్రంలో బతికే కీటకాలు లోకంలో ఈ ఒక్క ప్రజాతిలోనే ఉన్నాయి. నడిసముద్రపు జాతులు ఐదు. అందులో మికాన్స్ మూడు మహాసముద్రాల్లోనూ ఉంది. హిందూ మహాసముద్రంలో జెర్మానస్ కూడా ఉంటుంది. రెక్కల్లేవు, తేలే ఈక మీదా చెక్క మీదా గుడ్లు పెడతాయి. బారువ, కళింగపట్నం ఒడ్డున పెద్ద ఈదురుగాలి తర్వాత అల గీత వెంబడి చెత్తలో వెతకాలి. వెండి నూగుతో ఐదారు మి.మీ. ఉంటాయి.

మామిడిపూత | శృంగవరపుకోట

ఇంట్లో దూరే పెద్ద నల్ల బగ్, కడుపు అంచున నారింజ చారలు. ‘చాగస్ జబ్బు పురుగు’ అని ఫోన్లలో తిరుగుతోంది. భయపడాలా?

కీటకాల_పెట్టె | శ్రీకాకుళం

వర్ణన బట్టి ట్రయాటోమా రుబ్రోఫాసియేటా కావచ్చు. రెడువిడేలో రక్తం తాగే ఉపకుటుంబం. దాదాపు అన్నీ అమెరికా ఖండాలవి. పరాన్నజీవి వల్ల వచ్చే చాగస్ జబ్బును 1909లో కార్లోస్ చాగస్ బ్రెజిల్‌లో వివరించాడు. ఆ జబ్బు అక్కడి ట్రయాటోమాలతో వ్యాపిస్తుంది. ఈ ఒక్క జాతి ఓడల్లో ఎలుకల వెంట ఉష్ణమండల రేవులన్నిటికీ చేరింది. ఇదే ఉపకుటుంబంలో లిన్ష్‌కోస్టియస్ అనే ప్రజాతి మాత్రం ఇండియాలో తప్ప ఎక్కడా లేదు. మన దగ్గర ఈ పురుగుల వల్ల మనుషులకు చాగస్ అంటడం లేదు. కుడితే దద్దుర్లు, కొందరికి ఒళ్ళంతా ఎలర్జీ రావచ్చు, అప్పుడు వైద్యుణ్ణి చూడాలి. ఎలుకల బొరియలు మూసేస్తే ఇవీ పోతాయి.

మంచం నల్లి కూడా మన పక్క ఎక్కువగా సైమెక్స్ హెమిప్టెరస్, ఉష్ణమండలపుది. చలిదేశాలది లెక్టులేరియస్, దాని మెడ పలక అంచులు వెడల్పుగా చప్పగా పరుచుకుంటాయి.

రాగి_సూది | బొబ్బిలి

నమూనాలు దాచేవారికి. పెద్ద బగ్‌కు పిన్ను వీపు త్రికోణం మీద నడిమికి కొంచెం కుడివైపున గుచ్చాలి. నడిమినే గుచ్చితే కింద ముక్కు గాడి పాడైపోతుంది. ఐదు మి.మీ. లోపు వాటిని త్రికోణపు అట్ట ముక్క కొసకు, ఒంటి కుడి పక్కను జిగురుతో అతికించాలి. పిల్లపురుగులు, పేనుబంక 70 శాతం ఆల్కహాల్‌లో. డీఎన్‌ఏ కోసమైతే 95 శాతం, ఫ్రీజర్‌లో. ఆకుపచ్చ కంపు పురుగులు చచ్చాక పసుపు గోధుమకు తిరుగుతాయి, బతికుండగానే ఫోటో తీయండి.

చీటీ మీద ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఏ మొక్క మీద దొరికింది, సేకరించినవారి పేరు. మొక్క పేరు లేని నమూనా సగం పనికిరాదు. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరుగుతుంది, పెన్సిల్ వాడండి. మన తీరపు తేమకు పెట్టెలో బూజు పడుతుంది. సిలికా జెల్ నెలకోసారి వేడి చేసి మళ్ళీ పెట్టండి.

తంపర_గట్టు | ఆమదాలవలస

మూడో పురుగు మళ్ళీ తీశాను, పక్కనుంచీ పైనుంచీ. మూడు మి.మీ. ఉంది. ఆకుపచ్చ, తల మీదా మెడ మీదా నలుపు. మీసాలు పొడుగ్గా, నాలుగు కణుపులు. ఎగరలేదు, పరిగెత్తింది. కంకినల్లిలో రెండు జాతులున్నాయని విన్నాను, ఆ తేడా కూడా చెప్పండి.

కీటకాల_పెట్టె | శ్రీకాకుళం

అనుకున్నదే అయింది. సిర్టోరైనస్ లివిడిపెన్నిస్, మిరిడే. పచ్చదోమ కాదు. పచ్చదోమ మీసం కనీ కనబడని వెంట్రుక, తాకితే అడ్డంగా నడిచి ఎగురుతుంది. ఇది తొడుగులో సుడిదోమ పెట్టిన గుడ్లను ముక్కుతో వెతికి, రోజుకు 7 నుంచి 10 దాకా తాగేస్తుంది. ఇది కనిపించిందంటే అక్కడ సుడిదోమ గుడ్లుండవచ్చు. కనుక పొలంలో అడ్డదిడ్డంగా 20 దుబ్బులు తట్టి దోమను లెక్కపెట్టండి. పైన చెప్పిన లెక్క దాటకపోతే మందు వద్దు.

కంకినల్లి రెండు జాతుల తేడా కడుపు కింద. పక్కల వెంట గోధుమ చుక్కల వరుస ఉంటే ఒరాటోరియస్, లేకపోతే అక్యూటా. మందుకు ఈ తేడాతో పనిలేదు గానీ చీటీ మీద రాయడానికి కావాలి. గట్ల మీద ఊద, గరిక కోసేయండి, కంకి రాకముందు అది బతికేది వాటి మీదే. కొట్టాల్సి వస్తే సాయంత్రం కొట్టండి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా వరి పువ్వు విచ్చుకుంటుంది, అప్పుడు పొలంలోకి నీటి చుక్క కూడా పిచికారీ చేయకూడదు.

రెండో ఫోటోలోని మైట్ కోసం పోటాకు తొడుగులు ఓ పది తెంపి, కవర్లో మూసి నీడలో ఉంచండి. అదే రోజు భూతద్దం కింద చూడకపోతే తొడుగు ఎండి అవి కనబడవు.